వాయించని వేలు

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నా ఎడమచేతి చిటికెన వేలు లిఫ్ట్ తలుపులో పడి విరగలేదు. మా నాన్న విరిచాడు.

పాలీక్లినిక్‌లో లిఫ్ట్ అని చెప్పాం. ఆర్కెస్ట్రా ఆఫీసులోనూ లిఫ్ట్ అనే చెప్పాను. చిన్నప్పటి నుంచీ రోజూ డైరీ రాసే అలవాటు నాది. ఆ రోజు డైరీలో కూడా "లిఫ్ట్ తలుపు. చూసుకోలేదు" అని రాసి మూసేశాను. నేను తప్ప ఎవరూ చదవని చోట కూడా అబద్ధమే రాశాను.

ఇప్పుడు నేను ఈ ఊళ్లో ఒక ఆర్కెస్ట్రాలో హార్ప్ వాయిస్తాను. అదే నా ఉద్యోగం. ఆ మాట చెప్పగానే ఎదుటివాళ్ల ముఖం మెత్తబడుతుంది. క్రిస్మస్ కార్డుల మీద హార్ప్ వాయించే దేవదూతలు, వాళ్ల మబ్బులు, రెక్కలు, తెల్లగౌన్లు గుర్తొస్తాయనుకుంటాను. నేను ఎలాగూ తక్కువ మాట్లాడతాను కాబట్టి వాళ్లు తమ బొమ్మలో నన్ను కూర్చోబెట్టుకుని వెళ్లిపోతారు.

హార్ప్ అలాంటిది కాదు. అది మనిషి కన్నా ఎత్తైన చట్రం. దాన్నిండా బిగించిన తీగలు. ఎవరూ వాయించకపోయినా ఆ తీగలన్నీ కలిసి చెక్కని లాగుతూనే ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ లాగుడుకి చెక్క ఉబ్బి, వంగి, చివరికి పగులుతుంది. అంటే తన తీగలే దాన్ని చంపుతాయి. కింది లావు తీగలు ఉక్కువి. నడిమివి పశువుల పేగులతో చేసినవి. ఆ సంగతి తెలిసిన రోజున అమ్మ దేవుడి అలమారాని హాల్లోంచి వంటింటి గోడకి మార్పించింది. ఈ ఊరి తేమకి పేగు తీగలు చెప్పాపెట్టకుండా తెగుతాయి. తెగినప్పుడు టపాకాయ పేలినట్టుంటుంది. పోపు వేస్తున్న అమ్మ ఎన్నోసార్లు గరిట వదిలేసింది. ఒకసారి తెగిన తీగ కొస నా కంటి కిందనుంచి చెంప దాకా చీరేసింది.

మొదటి సంవత్సరమంతా వేళ్లకి బొబ్బలు. బొబ్బ చితికి, కింద పచ్చి చర్మం బయటపడి, దాని మీద మళ్లీ బొబ్బ. ప్రతి వరసలో ఒక తీగకి గుర్తు కోసం ఎర్రరంగు ఉంటుంది. నా రక్తం ఆ తీగల మీద పడితే కనబడేది కాదు. పక్కవాటి మీద పడితే తుడుచుకునేదాన్ని. బొబ్బలు గట్టిపడి కాయలు కాసేదాకా అంతే. కాయలు కాశాక వాటిని కాపాడుకోవాలి. నీళ్లలో ఎక్కువసేపు నానితే మెత్తబడి ఊడిపోతాయి. అందుకే మా ఇంట్లో నేను గిన్నెలు తోమను. "మహారాణి" అనే పేరు నాకు అలా వచ్చింది. ఆ పేరు పెట్టింది అమ్మే. నాన్న మాత్రం ఆ విషయంలో నా వైపే ఉండేవాడు. "దాని చేతుల జోలికెళ్లకు" అనేవాడు.

నాన్నది విశాఖపట్నం. షిప్‌యార్డులో వెల్డరుగా మొదలుపెట్టి, ఈ దేశం వచ్చి, ఇక్కడి యార్డులో సూపర్‌వైజరయ్యాడు. మేం ఉండేది ఎత్తైన ఫ్లాట్ల బ్లాకులుండే బుకిట్ పంజాంగ్‌లో. మా స్కూల్లో హార్ప్ బృందం ఉండేది. చదువుతోపాటు ఏదో ఒక ఆటలోనో కళలోనో చేరి తీరాలి గనక, దాక్కోవడానికి వీలైన వాద్యమని నేను అందులో చేరాను. మొదటిసారి చూడ్డానికొచ్చిన నాన్న, "ఏటిది, నిచ్చెనా? పైకెక్కి ఏటి పీకుతావు?" అని నవ్వాడు. కానీ మా హార్ప్ టీచరు నా చేతులు పట్టుకుని ఇవి హార్ప్ చేతులు అని చెప్పిన రోజు నుంచి ఆయన మారిపోయాడు. పాతదే అయినా నాకంటూ ఒక హార్ప్ కొన్నాడు. ప్రతి పాఠానికీ నాతో వచ్చి, మూల స్టూలు మీద కూర్చుని, యార్డులో అతుకులు పరీక్షించేటట్టు నా చేతులకేసి చూస్తూ ఉండేవాడు.

ఇంటికొచ్చాక కొట్టేవాడు. పాఠంలో నేను తడబడినందుకు కొట్టేవాడు. మార్కులకి, జవాబు చెప్పనందుకు, ఒక్కోసారి యార్డులో ఎవరో ఏదో అన్నందుకు కూడా. బెల్టు, ప్లాస్టిక్ హేంగరు, బాడ్మింటన్ బ్యాట్ పిడి, ఏది దొరికితే అది. కొట్టే ముందు ఒక మాట అనేవాడు.

"చేతులు ఎనక్కి పెట్టు."

నేను చేతులు వెనక్కి పెట్టి, వేళ్లు ముడిచి, వీపు గోడకి ఆనించి నిలబడేదాన్ని. దెబ్బలు తొడల మీద, భుజాల మీద పడేవి. ఎప్పుడూ చేతుల మీద పడలేదు. ఇరవై దాటిన తర్వాత కూడా ఆయన గొంతు పెరిగితే నా చేతులు వాటంతటవే వెనక్కి వెళ్లేవి.

మా వరండా పొడుగునా ఇళ్లే. నా సాధన అందరికీ వినబడేది. "మీ అమ్మాయి మ్యూజిక్ ఎంత బావుంటుందో" అని అమ్మకి చెప్పేవాళ్లు. మిగతా చప్పుళ్ల గురించి ఎవరూ ఏమీ అనలేదు. మా బ్లాకు పక్కనుంచే చిన్న రైలు వెళుతుంది. ఇళ్ల దగ్గరికి రాగానే దాని అద్దాలు వాటంతటవే మసకబారతాయి, లోపలి వాళ్లకి మా కిటికీలు కనబడకుండా. ఇళ్లు దాటాక మళ్లీ తేటపడతాయి.

చదువైపోయాక హోటళ్లలో, పెళ్లిళ్లలో వాయించాను. ఆర్కెస్ట్రాకి అదనంగా మనిషి కావాల్సినప్పుడు పిలిచేవాళ్లు. ఆర్కెస్ట్రాలో వయొలిన్లకి వరసలు వరసలు ఉంటాయి. హార్ప్‌కి ఉండేది ఒకే కుర్చీ. అందులో కూర్చున్న మనిషి లేస్తే తప్ప ఇంకొకరికి దారి లేదు. ఆ కుర్చీ మా టీచరుదే. ఆవిడ చైనీస్ ఆవిడ. జీవితమంతా అందులో కూర్చుని ఆ ఏడాది రిటైరవుతోంది. ఆడిషన్‌లో వాయించేవాళ్లకీ వినేవాళ్లకీ మధ్య తెర కడతారు. నాకు ఆ తెర ఎంత నచ్చిందో చెప్పలేను. జీవితమంతా అలా ఒక తెర ఉంటే బావుండుననిపించింది. తెర వెనకనుంచి గెలిచాను. దాని తర్వాత ట్రయల్. కొన్ని కచేరీలు వాళ్లతో కలిసి వాయించాలి. ఆఖరి కచేరీ అయ్యాక సభ్యులు కూర్చుని ఉంచుకోవాలో వద్దో తేలుస్తారు. కాదన్నారంటే ఈ ఊళ్లో ఇంకో కుర్చీ లేదు. హోటల్ లాబీలే దిక్కు, మా ఇల్లే దిక్కు. నాకు ఆ కుర్చీ ఉద్యోగం కోసం ఎంత కావాలో, ఇల్లు దాటడానికీ అంతే కావాలి.

ఆఖరి కచేరీ ముందటి ఆదివారం. నేను హాల్లో తీగలు శ్రుతి చేసుకుంటున్నాను. నాన్న సోఫాలో కూర్చుని ఫోన్ పక్కన పెట్టాడు.

"వచ్చే శనివారం మా మేనేజర్ కూతురి రిసెప్షను. నువ్వు వాయిస్తున్నావు. చెప్పీసాను."

"శనివారం కచేరీ నాన్నా. ట్రయల్‌ది. ఆఖరిది."

"ఆ ముసలామె ఉన్నాది కదా. ఆమె వాయిస్తాది."

"అలా కుదరదు నాన్నా. ఇది నా ట్రయల్..."

"ఏటి, నాకే హార్ప్ గురించి చెప్తన్నావా? ఈ నిచ్చెన ఇంటికి తెచ్చిందెవడు? ఆ స్టూలు మీద నడుం విరగ్గొట్టుకుని కూర్చున్నదెవడు?"

వంటింట్లోంచి అమ్మ, "తర్వాత మాట్లాడుకోండి. ఉప్మా చల్లారిపోతంది," అంది.

"నేను రాను," అన్నాను.

నా గొంతు నాకే వింతగా వినబడింది. అంతవరకూ ఆయనకి ఆ మాట చెప్పి ఎరగను. ఊరుకోవడమే నా జవాబుగా ఉండేది.

"ఏటన్నావు?"

"రాను నాన్నా."

ఆయన లేచాడు. నేను శ్రుతి చేసే తాళంచెవి కింద పెట్టి చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"ఎనక్కి కాదు," అన్నాడు. "ఇలాగియ్యి."

కేకలు వేయలేదు. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఎడమచెయ్యి అందుకుని, ముడుచుకున్న వేళ్లని ఒక్కొక్కటే విప్పాడు. నేను తీగలు మార్చేటప్పుడు ఏది తెగేలా ఉందో తడిమి చూసినట్టు చూశాడు. చిటికెన వేలు దగ్గర ఆగాడు. దాన్ని పిడికిట్లో పట్టుకుని వెనక్కి వంచాడు. వంచుతూ నా ముఖంలోకి చూశాడు. లేత బెండకాయ కొస తుంచితే వచ్చే చప్పుడు వచ్చింది. మోకాళ్ల మీద పడ్డాను. పడుతూ కుడిచేత్తో హార్ప్‌ని పట్టుకున్నాను, అది నా మీదికి ఒరగకుండా.

"ఐసు పెట్టు దానికి," అని అమ్మతో చెప్పి ఉప్మా తినడానికి వెళ్లాడు.

క్లినిక్‌లో డాక్టరు నా వయసుదే. ఎక్స్‌రే చూసింది. నన్ను చూసింది. ఏ లిఫ్ట్ అని అడిగింది. మా బ్లాకుదని అమ్మ చెప్పింది. అమ్మాయినే చెప్పనివ్వండి అంది డాక్టరు. "షీ ఈజ్ షై, డాక్టర్. ఎవరితోనూ మాట్లాడదు," అంది అమ్మ. డాక్టరు అమ్మని బయట కూర్చోమంది. తలుపు వేసి వచ్చి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, మళ్లీ అదే అడిగింది. నిజం చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. ఫోన్లు వస్తాయి. ఎవరో ఇంటికి వస్తారు. స్టేషన్లో కూర్చుని మొదటి నుంచీ చెప్పాలి. ఆ వారమంతా దానికే పోతుంది. నాకు ఆ వారం కావాలి. శనివారం కావాలి.

"లిఫ్టే," అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మ నా ఒళ్లోని కట్టు మీద చెయ్యి పెట్టింది.

"నాన్నకి ఎంత కోపమొచ్చినా నీమీద ధ్యాస ఉంటాదే. ఆ వేలుతో నువ్వు వాయించవని తెలుసు కదా ఆయనకి. అందుకే ఆ వేలే పట్టుకున్నాడు."

ఓదార్చడానికే అంది. ఆ మాటంటున్నప్పుడు అమ్మ ముఖంలో గర్వం లాంటిది కనబడింది. నేను కిటికీ వైపు తిరిగాను. సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి అందులోకి కక్కాను. అమ్మ వీపు రాసింది.

నిజమే. హార్ప్ వాయించేవాళ్లు చిటికెన వేలు వాడరు. పొట్టిది, తీగకి సరిగా అందదు. మొట్టమొదటి పాఠంలోనే టీచరు నా చిటికెన వేలు పట్టుకుని ఊపి, "దీన్ని రేపట్నుంచి ఇంట్లో వదిలేసి రావచ్చు లా," అంది, ఈ ఊరివాళ్లు ప్రతి మాట చివరా తగిలించే "లా"తో. స్టూలు మీద కూర్చున్న నాన్న పెద్దగా నవ్వాడు. అది ఆయన మరిచిపోలేదు. కానీ ఆయనకి తెలియంది ఒకటుంది. తీగని మీటాక వేళ్లు అరచేతిలోకి ముడుచుకోవాలి. అప్పుడే నాదం నిండుగా వస్తుంది. ఉంగరపు వేలు ముడిచినప్పుడల్లా చిటికెన వేలు దానితోపాటు వెళుతుంది. ఆపడం ఎవరి తరమూ కాదు. ఎవరో చెబితే తెలిసేది కాదు, వాయించేవాళ్ల చేతికి మాత్రమే తెలుస్తుంది. అన్నేళ్లు కూర్చుని చూసిన మనిషి ఏ వేలు మీటదో నేర్చుకున్నాడు. మీటని వేలుకి కూడా పని ఉంటుందని చూడలేదు.

మర్నాటి రిహార్సల్‌కి అందరికన్నా ముందు వెళ్లాను. హార్ప్ వాళ్లు ఎప్పుడూ ముందే వెళ్లాలి, శ్రుతి చేసుకోవడానికి. ఎడమచేత్తో మొదటి పట్టు, అంటే నాలుగు తీగలు ఒకేసారి, మీటగానే నొప్పి మోచేతి దాకా కొట్టింది. వేలికి వేసిన గట్టి పట్టీ పక్క తీగకి తగిలి టకటకమంది. మళ్లీ మీటాను. మళ్లీ. చెమట కళ్లలోకి కారింది. నా కుర్చీ వెనక ఎవరో నిలబడినట్టనిపించి తిరిగాను. మా టీచరు. నా ట్రయల్‌కి ఆవిడ వచ్చి వెనక కూర్చునేది.

"ఏమైంది?"

"లిఫ్ట్ తలుపు, టీచర్."

ఆవిడ వేలు చూసింది. తర్వాత నా చెంప మీది గీత చూసింది. ఆ గీత నిజంగా తీగదే.

"మీ లిఫ్ట్ చాలా ఏళ్లుగా నిన్ను కొడుతోంది లా," అంది.

ఆవిడ సంచిలోంచి టేపు తీసి నా పక్కన కూర్చుంది. "ఇది నీ డాక్టరుకి చెప్పకు, నన్ను జైల్లో పెడతారు," అంటూ గట్టి పట్టీ విప్పేసింది. చిటికెన వేలుని అరచేతిలోకి మడిచి టేపు చుట్టడం మొదలుపెట్టింది. నేను నా కాలరు కొరుక్కున్నాను. అలా మడిచి కట్టేస్తే ఇక కదలాల్సిన పని లేదు, ముందే ముడుచుకుని ఉంటుంది కాబట్టి.

"శనివారం దాకా ఇది నీ వేలు కాదు."

"నొప్పెడితే?"

"పెడుతుంది. దేవదూతలకి పెట్టదు. వాళ్లు బొమ్మల్లో మాత్రమే వాయిస్తారు." టేపు పళ్లతో తెంపింది. "జురాంగ్ వెస్ట్‌లో మా ఇంట్లో ఒక గది ఖాళీ ఉంది. హార్ప్ పడుతుంది, కొలిచాను. పిల్లి ఒకటి ఉంది, అది పాడుతుంది, నీకన్నా శ్రుతిలో. ఇప్పుడు జవాబు చెప్పక్కర్లేదు."

ఆవిడ ఎప్పుడు కొలిచిందో నేను అడగలేదు.

రిసెప్షన్‌కి నన్ను పంపడం నాన్నే మానుకున్నాడు. "కట్టు కట్టుకుని పెళ్లిలో కూర్చుంటే నలుగురూ అడుగుతారు," అన్నాడు. మేనేజర్‌కి లిఫ్ట్ కథ చెప్పాడు. కచేరీ సంగతి ఎత్తితే, "అక్కడ ఎనకాల కూర్చుంటావు కదా, ఎవడికి కనబడతాది. వాయించుకో," అని ఒక వరం ఇచ్చినట్టు చెయ్యి ఊపాడు.

శనివారం వాయించింది ఒక యుద్ధం లాంటి సంగీతం. అందులో హార్ప్‌కి మబ్బులు లేవు. రెండు చేతులతో తీగలన్నిటినీ కిందనుంచి పైకి, పైనుంచి కిందికి గీకాలి. స్వరాలు మార్చే పెడళ్లని కాళ్లతో తన్నాలి. వెనక డ్రమ్ములు నా కుర్చీని అదిరిస్తున్నాయి. ఎడమచేతిలో కట్టేసిన వేలు గుండెతోపాటు కొట్టుకుంటోంది. ఒక పెద్ద పట్టులో ఉక్కు తీగని లాగినప్పుడు కళ్ల ముందు తెల్లగా అయింది. ఎక్కడున్నానో ఒక్క క్షణం పోయింది. ఒక పెడల్ ఆలస్యంగా తొక్కాను, తప్పు స్వరం మోగింది. ఇంకోచోట రావాల్సిన స్వరం రానేలేదు. కొట్టుకుంటూ, ఈడ్చుకుంటూ చివరికి చేరాను. అయ్యాక టేపు విప్పితే వేలు నల్లగా ఉబ్బి ఉంది.

తర్వాత ఒక బాకా వాయించే ఆయన, "ఇవాళ నీలో నిప్పు ఉంది," అన్నాడు. మెచ్చుకోవడానికే. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ రోజు నేను అన్ని రోజులకన్నా అధ్వానంగా వాయించాను. నొప్పి నా స్వరాలు తినేసింది. నాకు ఆ కుర్చీ వచ్చిందంటే అంతకుముందు కచేరీల వల్ల వచ్చింది, నా వేళ్లన్నీ బాగున్నప్పుడు వాయించిన వాటి వల్ల. ఇది నేను ఎంతమంది ముందైనా గట్టిగా చెప్పగలను. నేను గట్టిగా చెప్పగలిగేవి తక్కువే.

కుర్చీ నాకే వచ్చింది. ఫోన్ వచ్చినప్పుడు రైల్లో ఉన్నాను. ఎదురుగా కూర్చున్న మలయ్ మామ్మ నా ఏడుపు చూసి చేతిలో టిష్యూ పెట్టింది. ఇంటికి వెళ్లి చెప్పాను. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. నాన్న విశాఖపట్నంలో తనకి తెలిసిన ప్రతివాళ్లకీ ఫోన్లు చేశాడు. "ఏలు విరిగినా ఆగలేదురా మా పిల్ల! లిఫ్ట్‌లో పడి నలిగిపోయింది, ఐనా స్టేజీ ఎక్కీసింది. ఎవరి కూతురనుకున్నావు?" గదిలో కూర్చుని విన్నాను. ఆయన గొంతులో ఏ తడబాటూ లేదు. నిజంగానే లిఫ్టే అని నమ్మేస్తున్నాడేమో అనిపించింది.

టీచరుకి మెసేజ్ పెట్టాను, గది ఇంకా ఖాళీగా ఉందా అని. "పిల్లి అడుగుతోంది ఎప్పుడొస్తావని" అని జవాబొచ్చింది.

హార్ప్ మోసే మనుషులు ఒక ఆదివారం పొద్దున వచ్చారు. నేను ముందురోజే చెప్పాను, వెళుతున్నానని. ఎక్కడికో అమ్మకి మాత్రమే చెప్పాను, ఎందుకో ఎవరికీ చెప్పలేదు. నాన్న ఆ రోజు నన్ను కొట్టలేదు. కొడతాడని రాత్రంతా హార్ప్‌కీ గోడకీ మధ్య కూర్చున్నాను. పొద్దున ఆయన లేచి, స్నానం చేసి, మోసేవాళ్ల పక్కన నిలబడి, "పెలాన్ పెలాన్" అని అరిచాడు, మలయ్‌లో నెమ్మది నెమ్మది అని. "స్తంభం పట్టుకోకండి, అడుగు పట్టుకోండి. అలాగ. వంచండి." అన్నీ సరిగ్గానే చెప్పాడు. ఏది ఎక్కడ పట్టుకోవాలో ఆయనకి తెలుసు.

అమ్మ ఆవకాయ సీసా గుడ్డలో చుట్టి నా సంచిలో పెట్టింది. చేతులు నీళ్లలో నానే పనేమీ పెట్టవద్దని టీచరుకి చెప్పమంది. నేను చెప్పులు వేసుకుని ఇనుప గేటు దాటాను. నాన్న గేటు లోపలివైపు నిలబడ్డాడు. ఒక చెయ్యి ఊచల మీద ఉంది. అప్పటికి నా చిటికెన వేలు అతుక్కుంది, కొంచెం వంకరగా. దానికేసి చూశాడు. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు, నేనూ ఫోన్ చేయలేదు. నాతో ఆయన ఆఖరుగా అన్నది ఇంతే:

"కొట్టబట్టే కదే ఇంతదానివయ్యావు. ఎవడైనా అడిగితే అది కూడా చెప్పు."